ఆగ్నెస్ ఇంట్లో టెర్రియర్

ఆగ్నెస్ పుట్టింది కొండల్లో కాదు, సముద్రం ఒడ్డున ఉన్న బొగ్గు ఊళ్ళో. నాన్న, ఇద్దరు బాబాయిలు, అందరూ గనిలోనే పని. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు గనిలో నిప్పు పుట్టింది. గాలి ఆడక మంట ఆరాలని, లోపల మనుషులుండగానే యజమానులు దారి మూయించేశారు. ఆ మనుషుల్లో చిన్న బాబాయి ఒకడు. గని వాకిట్లో చలికి వణుకుతూ నిలబడ్డ ఆడవాళ్ళ మధ్య, అమ్మ శాలువా అంచు పట్టుకుని ఆగ్నెస్ కూడా రెండు రోజులు నిలబడింది. తర్వాత మూడేళ్ళకు నాన్న కూడా దగ్గి దగ్గి పోయాడు.

పద్నాలుగో ఏట వసంతకాలపు కూలి సంతలో పనికోసం మిగతా ఆడపిల్లలతో పాటు వరసలో నిలబడింది. రావెన్‌గిల్ లోయ నుంచి వచ్చిన ఐజాక్ థ్వెయిట్ అనే గొర్రెల రైతు ఆమె చేతులు తిప్పి చూశాడు.

"పాలు పితకడం వచ్చా?"

"రాదు."

"ఇవాళ నేనడిగిన ఐదుగురిలో రాదన్నది నువ్వొక్కదానివే. పద, బండెక్కు."

అట్లా వచ్చింది ఆ లోయలోకి. వచ్చిన కొత్తలో కొండలు మీద పడతాయేమోనని భయపడేది. ఏడాది తిరిగేసరికి పాలు పితకడం, వెన్న తీయడం, మంచులో కూరుకుపోయిన గొర్రెల్ని కర్రతో పొడిచి వెతకడం అన్నీ వచ్చేశాయి. కుక్కల గోల మాత్రం అలవాటు కాలేదు.

ఊరుమ్మడి వేటకుక్కల మంద కాక, ఆ లోయలో కుక్కలు రెండు రకాలు. గొర్రెల్ని తోలేవి ఒక రకం. రెండోవి టెర్రియర్లు. గొర్రెలు ఈనే రోజుల్లో నక్క వచ్చి పుట్టిన పిల్లను పుట్టినట్టే ఎత్తుకుపోతుంది. వేటకుక్కల మంద కొండంతా తరుముతుంది, మనుషులు వెనక కాలినడకన పరిగెడతారు, చివరికి నక్క ఏ బండల కుప్ప సందులోకో దూరిపోతుంది. అంతంత కుక్కలు అందులోకి పట్టవు. అప్పుడు కావాలి టెర్రియర్. మూరెడు పొడవు, పీచు లాంటి బొచ్చు, పిడికెడు ఛాతీ. చీకటి బొరియలోకి ఒంటరిగా వెళ్ళి, తనకంటే పొడుగు పళ్ళున్న జంతువును మొహానికి మొహం పెట్టి నిలవేస్తుంది. బయటికి తరిమినా తరుముతుంది, లోపలే తేల్చుకున్నా తేల్చుకుంటుంది.

జాస్ బిర్కెట్ దగ్గర అట్లాంటివి నాలుగుండేవి. అతను పలకరాయి క్వారీలో రాయి చీల్చే పనివాడు. పొట్టివాడు, చేతులు ఉలిలాగా గట్టివి, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి. ఆగ్నెస్‌ను పెళ్ళి చేసుకుంటానని అడిగినప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది.

"నీ కుక్కలు గడప దాటి లోపలికి రాకూడదు."

"రమ్మన్నా రావు ఆగ్నీ. ఇల్లంటే ఏమిటో వాటికేం తెలుసు?"

"నీకు తెలుసా?"

"నేర్పుతావుగా."

నేర్పింది. క్వారీ వాళ్ళిచ్చిన ఇంట్లో తొమ్మిదేళ్ళు కాపురం చేశారు. ఒక్కతే కూతురు, ఎల్సీ. ఆ పిల్ల నడక నేర్చింది కుక్కల కొట్టం గోడ పట్టుకునే.

ఎల్సీకి నాలుగేళ్ళప్పుడు కొట్టంలో నెటిల్ పుట్టింది. నెటిల్ అంటే అక్కడి దురదగొండి మొక్క. ఎర్రమట్టి రంగు ఆడ కుక్కపిల్ల. తోబుట్టువుల్లో అన్నిటికంటే చిన్నది, కానీ పాలకోసం మిగతా వాటి మీదెక్కి తొక్కేది. మనుషులంటే మాత్రం ప్రాణం. ఎల్సీ చెవులు పట్టి లాగినా, తోక పట్టి ఈడ్చినా కిక్కురుమనేది కాదు. కొట్టం ముందు ఎండలో ఎల్సీ కూర్చుంటే వచ్చి పాదాల మీద గడ్డం ఆనించి పడుకునేది. ఏడాది నిండకముందే మొదటి నక్కను పట్టింది. రెండేళ్ళకు మూతి నిండా గాట్లు. కింది పెదవి ఒక పక్క చిరిగి ఎప్పుడూ పన్ను కనిపించేది. వేటమందను నడిపే ఆంటన్ రిగ్, "ముప్పై ఏళ్ళలో ఇట్లాంటిదాన్ని చూళ్ళేదు" అని ఊరంతా చెప్పేవాడు.

ఒకరోజు పొద్దున ఎల్సీ పెంచుకుంటున్న పిల్లి గోడ దిగి కొట్టం ముందు నుంచి నడిచింది. నెటిల్ మొరగను కూడా మొరగలేదు. ఒక్క ఉరుకు, ఒక్క విదిలింపు. పిల్లి మెడ విరిగిపోయింది. నెటిల్ దాన్ని తెచ్చి ఎల్సీ పాదాల దగ్గర పెట్టి తోక ఊపింది.

ఆ సాయంత్రం జాస్ పని నుంచి వచ్చేదాకా ఆగ్నెస్ కోపం దిగలేదు.

"నిన్న పిల్ల కాళ్ళ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇవాళ దాని కళ్ళముందే పిల్లిని చంపింది. ఇందులో ఏ కుక్కను నమ్మమంటావు నన్ను?"

"రెండూ ఒకటే కుక్క ఆగ్నీ. అదే జనానికి అర్థం కాదు. ఇది మంచిది, అది చెడ్డది అంటారు. దానికి తెలిసిన ప్రేమ అదే, దానికి తెలిసిన పని అదే."

"ఇంట్లో మెలిగే జంతువు కాదది."

"అవునని నేనెప్పుడన్నా చెప్పానా?"

కిటికీలోంచి చూస్తే, పొద్దున పిల్లికోసం వెక్కి వెక్కి ఏడ్చిన ఎల్సీ, చీకటి పడకముందే తన రొట్టెలో సగం నెటిల్‌కు పెడుతోంది.

ఆ తర్వాతి జనవరిలో, ఒక శనివారం, మంద తరిమిన నక్క కాకికొండ చరియ కింద ఉన్న పెద్ద బండల కుప్పలోకి దూరింది. ఎప్పుడో చరియ విరిగి పడితే ఏర్పడిన కుప్ప అది. ఇళ్ళంత బండలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో సందులు. జాస్ నెటిల్ మెడతాడు విప్పి వదిలాడు. కాసేపు లోపల మొరుగు వినిపించింది. తర్వాత కుంయ్‌మన్న చప్పుడు, ఆ తర్వాత రాయి దొర్లిన చప్పుడు. అంతే, కుక్క బయటికి రాలేదు.

ఆ లోయలో టెర్రియర్‌ను లోపల వదిలేసి ఇంటికి వెళ్ళే మగవాడు లేడు. శనివారమంతా తవ్వారు. ఆదివారం చర్చి మానేసి తవ్వారు. మధ్యాహ్నం ఆగ్నెస్ మాంసం, బంగాళాదుంపలు ఉడికించిన కుండ గుడ్డలో కట్టుకుని, మోకాళ్ళ లోతు మంచులో ఎక్కి వెళ్ళింది. జాస్ నడుం దాకా గుంటలో ఉన్నాడు. మొహమంతా మట్టి.

"ఇంటికి రా జాస్. రెండో రోజు ఇది."

"ఇందాక గోకుతున్న చప్పుడు వినిపించింది."

"కుక్క కోసమా ఇదంతా?"

జాస్ గునపం ఆపాడు. అతను ఆమె మీద గొంతు పెంచడం అరుదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"అది తనంతట తాను పోలేదే. నేను పంపితే పోయింది. ఇప్పుడు దాన్నక్కడ వదిలేసి నేనొచ్చి పొయ్యి ముందు టీ తాగనా?"

"మేజోళ్ళయినా మార్చుకో, నానిపోయినయ్" అంది. పొడివి ఇచ్చి, తడివి పిండి, కుండ అక్కడే పెట్టి దిగి వచ్చింది.

సోమవారం పొద్దున పదకొండు గంటలకు పై బండ కదిలింది. మిగతావాళ్ళు పక్కకు దూకారు. జాస్ గుంటలో ఉన్నాడు. ఆరుగురు గునపాలతో బండ లేపేటప్పటికి అతనికి ఇంకా ఊపిరి ఉంది. పొలం గేటు ఒకటి ఊడబీకి, దాని మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. థ్వెయిట్ చేను గోడ దాకా వచ్చేసరికి ఆ ఊపిరి కూడా ఆగిపోయింది. ముందుగా వచ్చి వాకిట్లో టోపీ తీసి నిలబడ్డవాడు ఆంటన్.

"అమ్మాయ్ ఆగ్నెస్..." అన్నాడు.

"కాళ్ళు తుడుచుకుని లోపలికి తీసుకురండి" అంది ఆమె. ఆ మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ మాటే గుర్తొచ్చి సిగ్గుపడేది.

మర్నాడు మంగళవారం, ఇంట్లో శవం ఉండగానే, నెటిల్ వచ్చింది. తవ్విన చోటికి నలభై గజాల దిగువన ఇంకో సందు ఉందట, అందులోంచి పాక్కుంటూ తనంతట తానే బయటపడింది. ఎడమ కన్ను పోయింది, ఒళ్ళంతా ఎముకలు తేలాయి. కుంటుకుంటూ వచ్చి కొట్టం తలుపు ముందు కూర్చుంది.

"నలభై గజాలు" అంది ఆగ్నెస్. పలకరించడానికి వచ్చినవాళ్ళందరితో అదే మాట. "నలభై గజాలేనట."

గురువారం, పూడ్చిన మర్నాడు, ఎల్సీని బడికి పంపి గోనెసంచి ఒకటి తీసుకుంది. నెటిల్‌ను మెడ దగ్గర పట్టి ఎత్తి సంచిలో వేసింది. అది పెనుగులాడలేదు. పిడికెడు ఎముకలు, అంతే. ఇంటి వెనక వాగు దగ్గరికి వెళితే వాగు గడ్డకట్టి ఉంది. సంచి పక్కన పెట్టి, రాయి తెచ్చి మంచుగడ్డ పగలగొట్టడం మొదలుపెట్టింది. చేతులు మొద్దుబారాయి, రాయి జారి కాలి మీద పడింది. అక్కడే కూలబడి ఏడ్చింది. లేచి మళ్ళీ కొట్టింది. నీళ్ళు కనబడేసరికి మధ్యాహ్నం అయింది. బడిలో చలిమంటకు బొగ్గు అయిపోయిందని పిల్లల్ని తొందరగా వదిలేశారు. ఎల్సీ గట్టు మీద నిలబడి ఉంది.

"అమ్మా, దాన్ని చంపుతున్నావా?"

"అవును."

ఎల్సీ ఏడవలేదు. ఎనిమిదేళ్ళ పిల్ల, లెక్క తప్పిందేమోనని అడిగినట్టు అడిగింది. "అయితే మరి నాన్న ఎందుకు చచ్చిపోయినట్టు?"

ఆగ్నెస్ సంచి మూతి విప్పింది.

ఇల్లు క్వారీ వాళ్ళది. పనివాడు పోయాక ఇల్లు ఉండదు. ఈస్టర్ పండగ కాగానే ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊళ్ళో సత్రం వెనకున్న చాకిరేవు గది మీద రెండు గదులు దొరికాయి. సత్రం దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి పెడితే అద్దె లేదు. జాస్ మిగతా మూడు కుక్కల్నీ ఆంటన్ తీసుకున్నాడు. నెటిల్ దగ్గరికి వచ్చేసరికి ఆగ్నెస్ అడ్డం నిలబడింది.

"ఇది పోదు."

"నీకు కొట్టం కూడా లేదే ఇప్పుడు. ఎక్కడ పెడతావు?"

"ఇంట్లో."

ఆంటన్ ఆమె వంక వింతగా చూశాడు. "గడప దాటనిచ్చేదానివి కాదుగా?"

"ఇప్పుడు దాటనిస్తా. ఇంకో ఇంటి మగవాడు దీని కోసం బండల కింద పోకుండా నా కళ్ళముందే కట్టేసుకుంటా."

కట్టేసింది. పొయ్యి పక్కన ఇనప కొక్కానికి తాడు. మొదటి నెలల్లో గాయాలు మానేదాకా నెటిల్ పడుకునే ఉండేది. ఎల్సీ పక్కన కూర్చుని పాఠాలు చదువుకునేది. చూసినవాళ్ళు, "పరవాలేదే, పెంపుడు కుక్కయిపోయింది" అన్నారు. వేసవికి ఒంట్లో సత్తువ వచ్చింది. అప్పుడు మొదలైంది. తాళ్ళు కొరికేది. నేల పలకల మధ్య గోళ్ళు విరిగి రక్తం కారేదాకా తవ్వేది. ఒకసారి తప్పించుకుని సత్రం వాళ్ళ బాతులు పదకొండింటిని పది నిమిషాల్లో చంపింది, ఒక్కటీ తినలేదు. ఆగ్నెస్ గొలుసు వేసింది. గొలుసు వేశాక గుండ్రంగా తిరగడం పట్టుకుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా కొక్కెం చుట్టూ అదే తిరుగుడు, అదే గొలుసు చప్పుడు. తోక తానే కొరుక్కుని పుండు చేసుకుంది. ఎల్సీ బడినుంచి వచ్చినప్పుడు మాత్రం ఆగి, ఒళ్ళంతా ఊపుకుంటూ పిల్ల చేతులు నాకేది.

ఆంటన్ అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలోనే నిలబడి చూసేవాడు.

"పాడైపోతోందమ్మాయ్."

"బతికే ఉందిగా."

"ఇదో బతుకా? నాకివ్వు."

"జాస్ బతుకు మాటేమిటి? అది కూడా నీ దగ్గరుంటే ఇచ్చెయ్యి."

ఆ మాటకు ముసలాయన తల దించుకుని వెళ్ళిపోయేవాడు. వెళ్ళాక ఆగ్నెస్ దుప్పట్లు ఉతుకుతూ పై నుంచి వచ్చే గొలుసు చప్పుడు వినేది. తాను దాన్ని కాపాడుతోందో, శిక్షిస్తోందో ఆమెకు తెలుసు. తెలిసే విప్పలేదు.

మరుసటి ఏడు అక్టోబరులో ఎల్సీకి తొమ్మిదేళ్ళు దాటాయి. కుక్క తిరుగుడు చూడలేక, అమ్మ సత్రానికి దుప్పట్లు ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు, కాసేపు గొలుసు విప్పేది. ఆ రోజు విప్పగానే నెటిల్ మెట్లు దిగి చాకిరేవు గదిలోకి దూకింది. నీళ్ళు కాగే పెద్ద రాగి డేగిసా వెనక ఎలుక ఉంది. కుక్క సగం ఒళ్ళు లోపలికి దూర్చి ఇరుక్కుపోయింది. కింద నిప్పులున్నాయి, కాలిపోతుందేమోనని ఎల్సీ గోడకూ డేగిసాకూ మధ్య చేయి పెట్టి లాగబోయింది. చీకట్లో, పోట్లాట మధ్యలో, కదిలినదాన్నల్లా నెటిల్ పట్టింది. పట్టిందంటే వదలదు, పుట్టుకే అది. ఎల్సీ కేకకు సత్రం మనుషులు పరిగెత్తుకొచ్చి దాని దవడలు విడదీసి చేయి తీశారు.

వారంలో చేయి నల్లబడింది. పట్నంలో డాక్టరు రెండు వేళ్ళు తీసేశాడు. చిటికెన వేలు, దాని పక్కది.

ఆసుపత్రి మంచం మీద ఎల్సీ జ్వరంలో ఒకటే మాట. "అమ్మా, దాని తప్పు కాదు. నేనే చేయి పెట్టాను. నేనే విప్పాను."

"నోర్మూసుకుని పడుకో" అంది ఆగ్నెస్. అని, బయటి వరండాలోకి వచ్చి గోడకు తల ఆనించుకుంది.

ఇంటికి వచ్చేసరికి నెటిల్ గొలుసుకు ఉంది. ఆమెను చూసి తోక ఊపింది. సత్రం వాళ్ళు తుపాకీ సిద్ధం చేసి పెట్టారు, నువ్వు ఊఁ అంటే చాలన్నారు. ఆగ్నెస్ గొలుసు విప్పి, తాడు కట్టి, ఐదు మైళ్ళు నడిపించుకుంటూ ఆంటన్ కుక్కల దొడ్డికి వెళ్ళింది. దారిలో ప్రతి గోడ సందులోనూ కుక్క ముక్కు పెట్టింది. ఆమె ప్రతిసారీ ఆగింది.

"కాల్చమంటావా?" అన్నాడు ఆంటన్. అప్పటికే అందరికీ తెలుసు.

"లేదు. పని చెయ్యనియ్యి."

"నీ పిల్ల చేయి..."

"కొడవలి తెచ్చి పక్కలో పెట్టుకున్నది నేను. తెగిందని కొడవలిని కొట్టనా? ఏడాదిన్నర పీక్కు తిన్నాను దాన్ని. తీసుకో ఆంటన్. నా మనసు మారకముందే తీసుకో."

రెండు శీతాకాలాలు నెటిల్ ఒంటికన్నుతో పని చేసింది. తోక పుండు మానింది, తిరుగుడు పోయింది. శనివారాలు ఎల్సీ వెళ్ళి చూసేది. మూడు వేళ్ళ చేత్తో చెవులు నిమిరితే దొడ్డి గోడ ముందు ఎండలో పిల్ల పాదాల మీదే పడుకునేది. "అమ్మా, దానికి నేను గుర్తున్నాను" అని వచ్చి చెప్పేది. ఆగ్నెస్ ఎప్పుడూ వెళ్ళలేదు.

ఆ రెండో శీతాకాలం చివర, ఫిబ్రవరిలో, ఒక పొద్దున ఆగ్నెస్ దుప్పట్లు ఆరేస్తుంటే గునపాలు, పారలు భుజాన వేసుకుని మగవాళ్ళు ఎగువకు పోతున్నారు.

"ఏమైంది?"

"పాత క్వారీ సొరంగంలో టెర్రియర్ ఇరుక్కుంది. వెనక చెత్తరాయి జారి దారి మూసుకుపోయింది."

చేతిలో దుప్పటి అట్లాగే తీగ మీద పడేసి వాళ్ళ వెనక ఎక్కింది. పైన ఎనిమిదిమంది ఉన్నారు. విరిగిన పలకరాయి చెత్త కొండంత ఎత్తు, వానకు నాని, నిలబడితేనే కాలి కింద జారుతోంది. ఐజాక్ థ్వెయిట్ కొడుకు విల్ అప్పటికే కోటు విప్పేశాడు. అతని పెళ్ళాం నిండు చూలాలు.

"నెటిలేనా?" అంది ఆగ్నెస్.

ఆంటన్ కళ్ళలోకి చూడలేదు. "నెటిలే."

లోపలినుంచి మొరుగు వినిపిస్తోంది. సన్నగా, ఆగి ఆగి. ఆమె వెళ్ళి తవ్వాల్సిన చోట నిలబడింది.

"ఎవరూ తవ్వొద్దు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత విల్ అన్నాడు, "పక్కకు జరుగు ఆగ్నెస్, చీకటి పడితే కష్టం."

"జరగను. నన్ను తవ్వి తీసి అప్పుడు తవ్వు."

"లోపల అరుస్తోంది, వినిపించడం లేదా నీకు? రాయివా నువ్వు?"

"వినిపిస్తోంది. నీకంటే బాగా వినిపిస్తోంది. నీ తల పైన చూడు విల్. ఆ చెత్తంతా దేని మీద నిలబడి ఉందో చెప్పు నాకు."

వెనక నుంచి క్వారీలో జాస్‌తో పనిచేసినతను ఒకడు గట్టిగా అన్నాడు, "జాస్ ఉండి ఉంటే ఈ మాట అననిచ్చేవాడా?"

"జాస్ లేడు" అంది ఆగ్నెస్. "నేను చెప్పేదీ అదే."

ఆంటన్ చాలాసేపు ఆ రాళ్ళ గుట్ట వంక చూశాడు. గునపం కింద పెట్టాడు.

"దాన్ని పంపింది నేను. పాపం నాది. దిగండి అందరూ."

"ఆంటన్!" అన్నాడు విల్.

"దిగమన్నానా!"

విల్ కోటు తీసుకుని, ఆమె పాదాల ముందు ఉమ్మి, దిగిపోయాడు. ఆగ్నెస్ వెలుతురు తగ్గేదాకా అక్కడే కూర్చుంది. పేరు పెట్టి పిలవలేదు. పిలిస్తే ఎవరో వస్తున్నారని ఆశపడుతుందని. మర్నాడు కూడా వెళ్ళింది. మధ్యాహ్నం దాకా వినిపించింది. మూడో రోజు వెళితే ఏ చప్పుడూ లేదు. అయినా సాయంత్రం వరకూ కూర్చుంది.

ఎల్సీకి మొదటి రోజే చెప్పింది, ఏమీ దాచలేదు. పిల్ల నేనూ వస్తానంది. వద్దని, తలుపుకు బయట గడియ పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత ఎల్సీ తల్లితో వేసవి దాకా మాట్లాడలేదు. మాట్లాడాక కూడా అన్నం, నీళ్ళు, బట్టలు, అవసరమున్నంత వరకే. పద్నాలుగేళ్ళు రాగానే పట్నంలో చెప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. మూడు వేళ్ళ చేత్తో మిషను మీద తోలు కుట్టడం నేర్చుకుంది.

ఊళ్ళో సగంమంది మగవాళ్ళు ఆగ్నెస్ ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్ళు. కుక్కను సజీవంగా పూడ్చినామె అని పేరు పడింది. ఆ మార్చిలో విల్ పెళ్ళాం కొడుకును కన్నది. నెలైనా కాకముందే, ఒకరోజు చంటివాణ్ణి చంకనేసుకుని చాకిరేవు గదికి వచ్చింది. వేడి రొట్టె ఒకటి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆంటన్ మరుసటి ఏడు మందను ఇంకొకరికి అప్పగించేశాడు. "బొరియ దగ్గర తాడు విప్పబోతే చేయి ఆడడం లేదు" అన్నాడట.

ఏళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చింది, పోయింది. ఎల్సీ పట్నంలోనే ఒక బస్సు డ్రైవరును పెళ్ళాడింది, ఏడాదికి రెండుసార్లు వచ్చి పోయేది. ఒక వేసవిలో అట్లా వచ్చినప్పుడే, ఒక బడి పంతులు భార్యనూ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని కారులో దిగాడు. ఆంటన్ మనవడి దగ్గర టెర్రియర్ పిల్లలున్నాయని ఎవరో చెప్పారట. ఆ మనవడు, కొనే ముందు చాకలి ఆగ్నెస్‌ను అడగండని పంపాడు.

"చిన్న కుక్క కదా, ఇంట్లో పిల్లలతో బాగుంటుందని అనుకుంటున్నామండీ" అన్నాడు పంతులు.

"మీ ఇంటి చుట్టూ ఏముంటుంది?"

"చిన్న తోట. వీధి."

"పొద్దంతా ఇంట్లో ఎవరుంటారు?"

"మా ఆవిడ."

"ఆవిడ రోజూ ఆరు మైళ్ళు నడుస్తుందా? వానలో కూడా?"

ఆవిడ నవ్వింది. ఆగ్నెస్ నవ్వలేదు.

"చూడండి బాబూ. దానికి మనిషంటే ప్రాణం. మీ పిల్లల కాళ్ళ దగ్గర పడుకుంటుంది, చెవులు లాగినా ఊరుకుంటుంది. అది అబద్ధం కాదు. కానీ దానికి పని కావాలి. పని మీరివ్వకపోతే అదే వెతుక్కుంటుంది. అది వెతుక్కునే పని మీకు నచ్చదు. అప్పుడు కట్టేస్తారు. కట్టేస్తే పిచ్చెక్కుతుంది. దానికి పిచ్చెక్కడం చూస్తూ మీరు రొట్టె తినాలి."

"అన్నీ అట్లాగే ఉంటాయా?"

"నాకు తెలిసింది ఒక్కటే."

పంతులు గోడ దగ్గర నిలబడ్డ ఎల్సీ చేయి వంక చూశాడు. తర్వాత పిల్లల్ని కారు వైపు నడిపించాడు. కారెక్కేదాకా చిన్న పిల్ల ఏడుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం తల్లీ కూతుళ్ళు గిన్నెలు కడుగుతున్నారు. ఆగ్నెస్ కడిగి ఇస్తుంటే ఎల్సీ తుడుస్తోంది.

"నీకు తెలిసింది ఒక్కటే అన్నావు" అంది ఎల్సీ.

"అబద్ధమా?"

"కాదు." ఒక పళ్ళెం తుడిచి బల్ల మీద పెట్టింది. "విల్‌ను తవ్వనివ్వకుండా చేశావని నాకు కోపమనుకున్నావు కదూ, ఇన్నేళ్ళూ."

ఆగ్నెస్ చేతులు నీళ్ళలోనే ఆగాయి.

"విల్ పోయేవాడు. అది నాకప్పుడే తెలుసమ్మా, పదకొండేళ్ళదాన్ని, ఆమాత్రం తెలియదా? నువ్వు గడియ పెట్టి వెళ్ళావు చూడు, అది. రెండు రోజులు నెటిల్ అరిచింది. నువ్వొక్కదానివే విన్నావు. నన్ను కూడా తీసుకెళ్ళాల్సింది."

"నువ్వు వినకూడదని."

"నాకు తెలుసు. కానీ అది నాది కూడా."

ఆగ్నెస్ ఆఖరి గిన్నె కడిగి పక్కన పెట్టింది. అప్పుడు అడిగింది. "ఇప్పుడు చెప్పనా? ఎట్లా అరిచిందో?"

ఎల్సీ తుడిచే గుడ్డ పక్కన పెట్టి కుర్చీ లాక్కుంది. "చెప్పు" అంది.

ఆగ్నెస్ చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుని, మొదటి రోజు పొద్దున్నించి మొదలుపెట్టింది.